లైన్ అకౌంట్ విలేకరిగా చేసి మానేశాను. ఇప్పుడు చెన్నైలో ఎం.ఏ. జర్నలిజం చదవడం దండగా?

సూళ్ళూరుపేట లోకల్:

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ చదువుతాను గానీ ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఈ నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి కాబట్టి ఇవాళ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకోండి.

మాది సూళ్ళూరుపేట దగ్గర ఊరు. నాన్నకి రెండు రొయ్యల గుంటలు ఉన్నాయి. ఒక ఏడు లాభం వస్తే రెండేళ్ళు వైరస్. నాకు 24 ఏళ్ళు, బి.కాం. తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు చెన్నై ప్యారిస్‌లో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో పని. పొద్దున లోకల్ ఎక్కితే రెండు గంటల పైనే పడుతుంది, సాయంత్రం మళ్ళీ అంతే. రోజంతా ఎల్.ఆర్.లు (లారీ సరుకు రసీదులు) రాయడం, "బండి గుమ్మిడిపూండి దాటిందా" అని డ్రైవర్లకి ఫోన్లు చేయడం.

దీనికి ముందు ఏడాదిన్నర మా మండలంలో ఒక దినపత్రికకి కంట్రిబ్యూటర్‌గా చేశాను. పత్రిక పేరు వద్దులెండి. జీతం ఉండదు, లైన్ అకౌంట్. అచ్చయిన లైన్లు లెక్కపెట్టి డబ్బులిస్తారు. ఒక నెల నాకు 640 రూపాయలు వచ్చాయి. ఆ నెల పెట్రోలే వెయ్యి దాటింది. అది కూడా భరించాను. భరించలేనిది యాడ్ టార్గెట్. ఆగస్టు 15కి ఇంత, జనవరి 26కి ఇంత అని ముందే చెప్పేస్తారు. మా ఊరి ఐస్ ఫ్యాక్టరీ మురుగునీళ్ళు కాలవలోకి వదులుతోందని వార్త రాశాను. ఫొటోతో సహా వచ్చింది. మళ్ళీ పదిహేను రోజులకి అదే ఓనర్ దగ్గరికి శుభాకాంక్షల ప్రకటన అడగడానికి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, క్వార్టర్ పేజీకి చెక్కు రాస్తూ నా వైపు చూసి నవ్వాడు. ఆ నెలతోనే మానేశాను.

మానేశాను గానీ రాయడం మీద కోరిక పోలేదు. లోకల్ ట్రైన్‌లో ఎవరు ఏం మాట్లాడుకుంటున్నా చెవి అటే పోతుంది. మద్రాసు యూనివర్సిటీలో, చేపాక్‌లో, ఎం.ఏ. జర్నలిజం అండ్ కమ్యూనికేషన్ ఉందని తెలిసింది. రెండేళ్ళు. ప్రైవేటులో ఏడాది డిప్లొమాలు ఉన్నాయి గానీ ఆ ఫీజులు మా గుంటలు ఎండబెట్టి అమ్మినా కట్టలేం.

ఇంట్లో అమ్మ సరేనంది. మామయ్య ఒక్కడే, "కెమెరా పట్టుకోవడానికి రెండేళ్ళెందుకురా? మా శీనుగాడు పదిహేను రోజుల్లో నేర్చుకుని పెళ్ళిళ్ళు తీస్తున్నాడు" అంటున్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ క్లాసుల్లో నిజంగా ఏం చెబుతారు? ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే టెన్షన్. తమిళం మాట్లాడతాను, చదవడం రాదు. చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. ధైర్యం చెప్పక్కర్లేదు.


కోరమంగళ ఎడిటర్:

ఉన్నదున్నట్టే చెబుతా బ్రదర్. నేను బెంగళూరులో తొమ్మిదేళ్ళుగా వీడియో ఎడిటింగ్‌లో ఉన్నాను. మూడు ఆఫీసులు మారాను. ఒక్కరూ నా సర్టిఫికెట్ అడగలేదు, అందరూ షో రీల్, అంటే చేసిన పనుల మచ్చు వీడియో, అడిగారు. మా టీమ్‌లో మాస్ కమ్యూనికేషన్ చదివినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకమ్మాయి చాలా బాగా చేస్తుంది. ఇంకొకతనికి టైమ్‌లైన్‌లో ఆడియో సింక్ చేయడం నేనే నేర్పాను, గోల్డ్ మెడల్ అంట.

రెండేళ్ళ ఫీజు, హాస్టల్ ఖర్చు, పైగా రెండేళ్ళు జీతం లేకపోవడం. మొత్తం కలిపి చూడు. ఆ డబ్బులో సగం పెడితే మంచి సెకండ్ హ్యాండ్ కెమెరా, చొక్కాకి తగిలించే ఒక లేపల్ మైకు, ఎడిటింగ్‌కి పనికొచ్చే ల్యాప్‌టాప్ వస్తాయి. మీ ఊరి రొయ్యల గుంటల మీదే పది వీడియోలు తియ్యి. మీ మామయ్య మాట్లాడింది తప్పు కాదు.


చేపాక్ పాత విద్యార్థిని:

తమ్ముడూ, నేను 2015 జూన్‌లో అదే ఎం.ఏ.లో చేరాను. మాది వెంకటగిరి, నీకు దగ్గరే. ముందే ఒక మాట. నేను ఇప్పుడు జర్నలిస్టును కాను. ఆరోగ్యం మీద పనిచేసే ఒక సంస్థలో, మేం వేసే కరపత్రాలూ పోస్టర్లూ జనానికి అర్థమవుతున్నాయా లేదా అని చూడటం నా ఉద్యోగం. కాబట్టి "చదివెయ్, టీవీలో కనిపిస్తావు" అని చెప్పే అర్హత నాకు లేదు.

కెమెరా సంగతి మీ మామయ్య సరిగ్గానే చెప్పాడు. దానికి రెండేళ్ళు అక్కర్లేదు. మా బ్యాచ్‌లో కెమెరా చేతికి వచ్చేది కూడా తక్కువే, నలుగురికి ఒకటి. ఆ నలుగురిలో ఒకడు ఇంక ఎవరికీ ఇవ్వడు. అలాంటివాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాడు.

మొదటి సెమిస్టర్ అంతా బోర్డు మీద డబ్బాలు, బాణాలు. చెప్పేవాడు ఒక డబ్బా, వినేవాడు ఒక డబ్బా, మధ్యలో దారి, ఆ దారిలో రొద. 1948లో క్లాడ్ షానన్ అనే ఇంజనీరు బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో ఉండి వేసిన బొమ్మ అది. తీగల మీద సంకేతం చెడిపోకుండా ఎలా పోతుందో లెక్కగట్టడానికి వేశాడు. దాన్ని తెచ్చి మనుషులకి తగిలించారు. నాకు నిద్ర వచ్చేది. దీనికోసమా ఇంట్లో అందరితో పోట్లాడి వచ్చాను అనిపించేది.

ఆ డిసెంబర్‌లో వరద వచ్చింది. 1వ తేదీ రాత్రి అడయారు నది పొంగింది. మా హాస్టల్ తిరువల్లికేణిలో. లోపలికి నీళ్ళు రాలేదు గానీ కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్లు కూడా పోయాయి. మర్నాడు పొద్దున ది హిందూ రాలేదు. 1878 నుంచి వస్తున్న పేపర్ అది. ప్రెస్ మరైమలైనగర్‌లో ఉంది, పనివాళ్ళు అక్కడికి చేరలేక చెన్నైలో ఆ రోజు అచ్చే కాలేదు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ రోజుకి మాత్రం గుమ్మం ముందు పేపర్ లేకపోవడమే ఒక వార్త.

మధ్యాహ్నానికి హాస్టల్ అంతా ఒకటే మాట. ఈసీఆర్‌లో, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో, ఉన్న మొసళ్ళ బ్యాంకు అనే పార్కు గోడ కూలి మొసళ్ళన్నీ బయటికి వచ్చేశాయట. ఆ పార్కు మాకు నలభై కిలోమీటర్ల దూరం. అయినా మా రూమ్మేట్ బాత్రూమ్‌కి పోవడానికి తోడు రమ్మంది, నేను కూడా ముందు బకెట్ వెనకాల చూసి మరీ లోపలికి వెళ్ళాను. నవ్వకు. కొవ్వొత్తి వెలుతురులో నువ్వూ చూస్తావు. మొసళ్ళేవీ బయటికి పోలేదని పార్కు వాళ్ళు చెప్పిన సంగతి మాకు చేరేసరికి రెండు రోజులు పట్టింది.

క్లాసులు మళ్ళీ మొదలయ్యాక మా మేడమ్ పాఠం చెప్పలేదు. "మొసళ్ళ మాట మీకు ఎవరు చెప్పారు, వాళ్ళకి ఎవరు చెప్పారు, రాసుకుని రండి" అన్నారు. నేను హాస్టల్‌లో ముప్పై ఒక్క మందిని అడిగాను. ఇరవై ముగ్గురి దారి మెస్‌లో సాంబారు వడ్డించే అక్క దగ్గరికి పోయింది. అక్కకి చెప్పింది పాలవాడు. పాలవాడు ఎవరి ఫోన్‌లోనో చూశారని విన్నాడు. ఆ ఫోన్ కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. 1940 అమెరికా ఎన్నికలప్పుడు లాజర్స్‌ఫెల్డ్ అనే పరిశోధకుడి బృందం ఒహాయోలో ఓటర్ల వెంటపడి తేల్చింది కూడా దాదాపు ఇదే. రేడియో, పేపర్ చెప్పినదాని కన్నా, అవి వినేవాళ్ళు పక్కింట్లో కూర్చుని చెప్పేదే ఎక్కువ పనిచేస్తుంది. రెండంచెల ప్రవాహం అని పేరు పెట్టారు. మా హాస్టల్‌లో అయితే మొదటి అంచె లేనే లేదు, ఉన్నదల్లా సాంబారు గరిట.

గొప్పగా బొమ్మ గీసి తీసుకెళ్ళాను. మేడమ్ చాలాసేపు చూసి ఒకటే అడిగారు: "ఆ బిల్డింగ్ మొత్తంలో ఒక్క రేడియో కూడా లేదా?"

సాయంత్రం వెళ్ళి చూస్తే, గేటు దగ్గర వాచ్‌మన్ తాత దగ్గర ఉంది. చేతిలో పట్టే ట్రాన్సిస్టర్, వెనక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి ఉంచాడు. ఆ మూడు రోజులూ ఆకాశవాణి వింటూనే ఉన్నాడట. ఏ వంతెన మూశారు, ఏ రైలు నడుస్తోంది, అన్నీ చెప్పాడు. మొసళ్ళ మాట కూడా విన్నాడు, నమ్మలేదు. "మాకు ఎందుకు చెప్పలేదు తాతా" అంటే "యారుమే కేక్కలయేమ్మా" అన్నాడు. ఎవరూ అడగలేదు కదమ్మా అని. రోజూ ఆయన ముందు నుంచే లోపలికీ బయటికీ తిరిగిన ఆ ముప్పై ఒక్క మందితో పాటు నేనూ ఉన్నాను. నా బొమ్మలో ఆయనకి డబ్బా లేదు.

ఇప్పటికీ ఏ ఊళ్ళో పోస్టర్ అతికించడానికి వెళ్ళినా ఆ తాత ఎక్కడున్నాడా అని చూస్తాను. నాకు ఆ రెండేళ్ళలో వచ్చింది అదే. దాన్ని షో రీల్‌లో పెట్టలేం కాబట్టి కోరమంగళ గారితో వాదన పెట్టుకోను.

నువ్వు ఐస్ ఫ్యాక్టరీ ఓనర్ నవ్వు గురించి రాశావు చూడు, దానికి కూడా సిలబస్‌లో ఒక పేపర్ ఉంది. మీడియా పొలిటికల్ ఎకానమీ అంటారు. పాఠకుడు ఇచ్చే డబ్బు కాగితం ఖర్చుకే చాలదు, మిగతాదంతా ప్రకటనలు మోయాలి అనే దగ్గర మొదలవుతుంది. మా క్లాసులో అందరూ ఆ పేపర్‌ని పుస్తకంలో చదివారు. నువ్వు టీ తాగి మరీ వచ్చావు. క్లాసులో నోరు తెరవడానికి భయపడేది నువ్వు కాదు.

ఇంగ్లీషు సంగతి. నాకు మూడు నెలలు నోరు పెగల్లేదు. సెమినార్‌కి మొత్తం రాసుకుని బట్టీపట్టి వెళ్ళి, రెండో పేరాలో మర్చిపోయి, మిగతాది తమిళం, తెలుగు, ఇంగ్లీషు కలిపి చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు, సగం మంది తిరునెల్వేలి నుంచో ధర్మపురి నుంచో వచ్చినవాళ్ళే, వాళ్ళ పరిస్థితీ అదే. ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది. నిజంగా ఇబ్బంది పెట్టేది తమిళం చదవడం రాకపోవడం. ఫీల్డ్ వర్క్ అంతా తమిళంలో ఉంటుంది. నోటీసు బోర్డు, ఎఫ్.ఐ.ఆర్., పిటిషన్, గోడ మీద పోస్టర్, ఏదీ చదవలేకపోతే ప్రతిదానికీ ఇంకొకరి మీద ఆధారపడాలి. నేను బస్సు బోర్డులతో మొదలుపెట్టి, టీ కొట్లో తమిళ పేపర్ దినతంతి హెడ్డింగులతో నేర్చుకున్నాను. ప, ఫ, బ, భ నాలుగింటికీ అక్షరం ఒకటే కాబట్టి మొదట్లో బాబుని పాపు అని చదువుతావు, ఫర్వాలేదు. రోజుకి నాలుగు గంటలు రైల్లో ఉంటావు కదా, ఇవాళే మొదలుపెట్టు.

తెలుగు మాత్రం నువ్వు అనుకోని చోట పనికొస్తుంది. రెండో సెమిస్టర్‌లో పారిశుధ్య కార్మికుల మీద స్టోరీ ఇచ్చారు. తెల్లవారుజామున అయిదున్నరకి పుళియందోపులో మస్టర్ (హాజరు) వేసే చోటికి నలుగురం వెళ్ళాం. మావాళ్ళు తమిళంలో అడిగారు, వాళ్ళు తమిళంలో "అంతా బాగానే ఉంది, గ్లవ్స్ ఇస్తున్నారు" అని జవాబు చెప్పారు. మేం నోట్ చేసుకున్నాం. అటు తిరగ్గానే ఒకావిడ పక్కావిడతో, "ఇచ్చిన గ్లౌసులు మన చేతులకి కాదమ్మే, వాళ్ళ ఫొటోలకి" అంది. తెలుగులో. మా నెల్లూరు యాస. తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాలు. నేను తెలుగులో పలకరించాక అసలు స్టోరీ మొదలైంది. మా గ్రూపులో మిగతా ముగ్గురూ ఆ రోజు నా వెనక నిలబడ్డారు, కెమెరా ఎవరికీ ఇవ్వని మహానుభావుడితో సహా.


కోరమంగళ ఎడిటర్:

అక్కా, తాత కథ బాగుంది, ఒప్పుకుంటా. కానీ అది ఆ మేడమ్ గొప్పతనం, కోర్సు గొప్పతనం కాదు. అలాంటి మేడమ్ ప్రతి చోటా ఉంటారా?


జ్ఞానభారతి మాస్టారు:

ఉండరు. అందుకే నేను రాస్తున్నాను. నేను బెంగళూరులో మీడియా పాఠాలు చెబుతాను, అంతకు ముందు కొన్నేళ్ళు కమ్యూనిటీ రేడియోలో పనిచేశాను. సొంతూరు హిందూపురం.

ఎక్కడ చేరినా ముందు ఒకసారి వెళ్ళి చూడండి. బ్రోషర్ చూడొద్దు. గతేడాది పిల్లలు తీసిన ల్యాబ్ జర్నల్ చూపించమనండి. అంటే క్లాసు పిల్లలే వార్తలు రాసి, పేజీలు పెట్టి తెచ్చే పత్రిక. అందులో ఊరి వార్తలు ఉంటే మంచిది. కాలేజీ ఫెస్టివల్, ముఖ్య అతిథి ప్రసంగం, అంతే ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. పర్మినెంట్ టీచర్లు ఎందరో అడగండి. స్టూడియో చూపిస్తే, అందులో కుర్చీ మీద వేలితో గీత గీయండి. నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఏడాది పనిచేశాను. అక్కడ స్టూడియో తాళం ఇన్‌స్పెక్షన్ రోజునే తీసేవాళ్ళు. పిల్లలు అద్దంలోంచి లోపలికి చూసి ప్రాక్టికల్ రికార్డు రాసేవాళ్ళు.

రేడియో మీద ఆశ ఉంటే ఒక విషయం తెలుసుకోండి. ఎఫ్.ఎం.లో వార్తలు చదవాలని చేరే పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్.ఎం.కి, కమ్యూనిటీ రేడియోకి సొంత వార్తలు చదివే అనుమతి లేదు, ఆకాశవాణి వార్తల్ని తిరిగి వినిపించుకోవచ్చు, అంతే. 1995లో సుప్రీంకోర్టు ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. అయినా కాలేజీలకి రేడియో అనుమతించే విధానం 2002 చివరికి గాని రాలేదు. దాని కింద మొదటిది మీ చెన్నైలోనే, అన్నా యూనివర్సిటీలో 2004 ఫిబ్రవరి 1న మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకి తలుపు తెరిచింది 2006లో. ఆ తర్వాత 2008లో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో సంఘం రేడియో వచ్చింది. దళిత మహిళలే నడుపుతారు, విత్తనాల గురించీ పాటల గురించీ తమ మాటలోనే మాట్లాడతారు. నేను ఒకసారి వెళ్ళాను. స్టూడియోలో ఇద్దరు ఆడవాళ్ళు కొర్రల గురించి మాట్లాడుతుంటే మధ్యలో బయట మేక అరిచింది. రికార్డింగ్ ఆపుతారేమో అనుకున్నాను. ఆపలేదు, "అదీ అడుగుతాంది" అని నవ్వుకుని ముందుకు పోయారు. మా విద్యార్థులైతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్ళు.

ఇంకొకటి. సూళ్ళూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా నిన్నమొన్నటి దాకా నెల్లూరే కదా. కమ్యూనికేషన్ క్లాసుల్లో మీ జిల్లా ఊరు ఒకటి తరచూ వస్తుంది, దూబగుంట. 1990ల మొదట్లో వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, వాచకంలో తాగుడు వల్ల పాడైన ఇంటి కథ చదివి, ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. చుట్టుపక్కల ఊళ్ళు అందుకున్నాయి, పత్రికలు అందుకున్నాయి, చివరికి 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నేను ఎజెండా సెట్టింగ్ పాఠం దీనితోనే చెబుతాను. మెకోంబ్స్, షా అనే ఇద్దరు 1968లో అమెరికాలోని చాపెల్ హిల్‌లో, ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని వంద మందిని అడిగి, పత్రికలు దేన్ని పెద్దది చేస్తాయో జనం దాన్నే పెద్దదనుకుంటారని చూపించారు. మరి దూబగుంటలో పెద్దది చేసింది ఎవరు? పత్రికలా, ఆడవాళ్ళా? ప్రతి ఏడూ క్లాసు రెండుగా చీలిపోతుంది. నేను తీర్పు చెప్పను, గంట కొట్టేదాకా కొట్టుకోనిస్తాను.

ఉద్యోగం గురించి ఎవరూ రాయలేదు. తెలుగు పత్రికలూ ఛానళ్ళూ ప్రధానంగా హైదరాబాద్‌లో ఉన్నాయి. చెన్నైలో తెలుగుతో దొరికేది ఎక్కువగా డబ్బింగ్, సబ్‌టైటిల్స్, అనువాదం. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914లో మద్రాసులోనే మొదలైంది, మీ ప్యారిస్ పక్కనే ఉన్న తంబుచెట్టి వీధి నుంచి చాలాకాలం నడిచింది. 1947లో చందమామ పుట్టింది కూడా మద్రాసులోనే. అది గతం. మీకు తెలుగు పత్రికే కావాలంటే హైదరాబాద్‌లో పెద్ద దినపత్రికల సొంత జర్నలిజం స్కూళ్ళు చూడండి, చదువుతుండగానే స్టయిఫండ్ ఇస్తారు. కానీ అక్కడ నేర్పేది ఆ పత్రిక పని. చేపాక్ లాంటి చోట నేర్పేది వేరు. మీరు లైన్ అకౌంట్ చూసి వచ్చారు కాబట్టి ఏది కావాలో మీకే తెలియాలి.


సూళ్ళూరుపేట లోకల్:

అక్కా, మాస్టారూ, కోరమంగళ అన్నా, అందరికీ థ్యాంక్స్. రెండు రోజులు జవాబు రాయలేదు, కారణం ఉంది.

మాస్టారు దూబగుంట అనగానే నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె పుట్టిల్లు అటే, కలిగిరి వైపు. మా ఇంట్లో ఎప్పుడూ ఈ మాట రాలేదు. రాత్రి ఫోన్ చేసి అడిగాను, "నాయనమ్మా, సారా గొడవలప్పుడు నువ్వు ఎక్కడున్నావు" అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడెందుకురా అది" అంది. మళ్ళీ అడిగితే మొదలుపెట్టింది, నలభై నిమిషాలు ఆపలేదు. పేపర్లో చూసి చేశారా, ఎవరైనా చెబితే చేశారా అంటే, "పేపరెవురు చూశారు నాయనా? సారా ప్యాకెట్లు తెచ్చే జీపుకి అడ్డంగా పడుకున్నాం. మీ తాత ఆ జీపులోనే ఉండాడు" అంది.

మా తాత ఆ జీపులో ఏం చేస్తున్నాడో అడిగేలోపు ఛార్జింగ్ అయిపోయిందని పెట్టేసింది. ఛార్జింగ్ అయిపోలేదని నాకు తెలుసు. ఆదివారం వెళ్ళి రికార్డ్ చేద్దామనుకుంటున్నాను. ఒప్పుకుంటుందో లేదో.

తమిళం మొదలుపెట్టాను. ఇవాళ పొన్నేరి స్టేషన్ బోర్డు నా అంతట నేనే చదివాను. ఇంగ్లీషులో కింద ఉంది కాబట్టి ఇది లెక్కలోకి రాదేమో.

అక్కా, చేపాక్ ఎలా వెళ్ళాలి? గురువారం వెళ్ళి ఆ ల్యాబ్ జర్నల్ ఏదో అడుగుతాను.


చేపాక్ పాత విద్యార్థిని:

సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషన్‌లో ఎక్కు. చింతాద్రిపేట తర్వాత చేపాక్. దిగితే స్టేడియం కనిపిస్తుంది, యూనివర్సిటీ ఎక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడుగు. నేను ఆయన్నే అడగమంటానని నీకు తెలుసుగా.

మీ తాత సంగతి మాత్రం ఆదివారం ఏం తేలిందో ఇక్కడ రాయాలి.


జ్ఞానభారతి మాస్టారు:

రికార్డ్ చేసేటప్పుడు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ ఆపేయండి. ఆమె ఆగితే మీరు మాట్లాడొద్దు, ఆగనివ్వండి. జీపు గురించి మొదట అడగొద్దు.


కోరమంగళ ఎడిటర్:

లేపల్ మైకు నా దగ్గర స్పేర్ ఉంది, అడ్రస్ మెసేజ్ చెయ్యి, కొరియర్ చేస్తా. ఎం.ఏ. మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఇంతకీ గురువారం ఆఫీసుకి ఏం చెబుతున్నావు?


సూళ్ళూరుపేట లోకల్:

పన్ను నొప్పి అని చెప్పాను అన్నా.


కోరమంగళ ఎడిటర్:

ఏ వైపో ఇప్పుడే అనుకుని పెట్టుకో. శుక్రవారం అడుగుతాడు.